పీణ్యలో మా షెడ్డు కింద మట్టి

మట్టి పరీక్షకు ఎంతయింది అని బంధువుల్లోనే చాలామంది అడిగారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురికి మాలాగే బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో పాత షెడ్లున్నాయి. ఫోనులో చెబితే ఖర్చు దగ్గరే మాట ఆగిపోతోంది, అసలు సంగతి చెప్పేలోపు "అయ్యో, అంతా!" అంటున్నారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను బ్యాంకులో చేసి రిటైరైన మనిషిని. రసాయన శాస్త్రం ఇంటర్‌తోనే వదిలేశాను. నాకు అర్థమైందంటే ఎవరికైనా అవుతుంది.

షెడ్డు నాన్నది. హిందూపురం నుంచి వచ్చి ఎనభైల్లో పీణ్య రెండో స్టేజీలో లేతు మిషన్లు పెట్టుకున్నారు. మోకాళ్లు మొరాయించాక, 1996లో ఒక ప్లేటింగ్ ఆయనకు అద్దెకిచ్చారు. మోటారు సైకిళ్ల విడిభాగాలకు నికెల్, క్రోమ్ పూత వేసే పని. 2011లో ఆయన ఖాళీ చేసి వెళ్లిపోయాడు. తర్వాత అది అట్టపెట్టెల గోదాము. నాన్న పోయాక నాకూ తమ్ముడికీ ఉమ్మడిగా వచ్చింది. 2025 ఆగస్టులో కొనేవాళ్లు దొరికారు, ధర కుదిరింది, అడ్వాన్సు ఎంతో కూడా అనుకున్నాం. అంతలో వాళ్ల లాయరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. స్థలం కింద మట్టినీ నీటినీ పరీక్షించిన నివేదిక చూశాకే ఒప్పందం అన్నారు.

లాయరు జాగ్రత్తకు కారణం లేకపోలేదు. ఆ జూలైలోనే కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు ప్రకటించింది. జిల్లా యంత్రాంగం అనుమానం ఉన్న స్థలాలను గుర్తించాలి, కాలుష్య నియంత్రణ మండలి పరిశీలించాలి, పాడైనట్టు తేలితే పాడుచేసినవారే బాగుచేసే ఖర్చు భరించాలి. మా అద్దెదారు ఇప్పుడెక్కడున్నాడో మాకు తెలియదు. ఆయన పాత నంబరుకు చేస్తే ఎవరో హిందీలో పలికారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అమ్మడం మానేస్తే సరిపోతుందేమో అని కూడా అనిపించింది. కానీ లాయరు ఉత్తరం చదివాక ఆ షెడ్డు కింద ఏమీ లేదని నాకు నేను చెప్పుకోలేకపోయాను.

తమ్ముడి కొడుకు బెంగళూరులోనే ఒక విదేశీ ఇంజినీరింగ్ సంస్థ కార్యాలయంలో పనిచేస్తాడు. మూతబడిన అణు కేంద్రాల కింద మట్టిలో, నీటిలో ఏ పదార్థం ఎంత లోతుకు పోయిందో పటాలు గీయడం వాడి ఉద్యోగం. ఇన్నేళ్లూ వాడి పని గురించి నేను పెద్దగా అడగలేదు. ఉత్తరం చూపిస్తే నవ్వాడు. "అత్తా, రేడియోధార్మిక వ్యర్థాలకు ఈ నిబంధనలు వర్తించవు, వాటి చట్టం వేరు. కానీ నీ షెడ్డు కథ నాకు బాగా తెలిసిన కథే" అన్నాడు.

ఎలాగంటే, అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో కొలంబియా నది ఒడ్డున హాన్‌ఫర్డ్ అని ఒక చోటుంది. 1943లో అణుబాంబుల ప్లుటోనియం కోసం కట్టారు. మొత్తం తొమ్మిది రియాక్టర్లు. వాటిలో ఎనిమిదింటిని నదీజలంతో చల్లబరిచి, ఆ నీటిని తిరిగి నదిలోకే వదిలేవారు. గొట్టాలు తుప్పు పట్టకుండా ఆ నీటిలో సోడియం డైక్రోమేట్ కలిపేవారు. అంటే క్రోమియం-6, క్రోమియంలో విషపూరితమైన రూపం. చిక్కటి ద్రావణాన్ని ట్యాంకుల నుంచి దింపేచోట కారిపోయింది మట్టిలోకి దిగి భూగర్భ జలాన్ని చేరింది, అక్కడి నుంచి సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే నదివైపు కదిలింది. ఒక రియాక్టరు దగ్గర పసుపు మరకను వెంబడిస్తూ తవ్వితే, నీరు తగిలేదాకా, సుమారు 85 అడుగులు తవ్వాల్సి వచ్చింది. అణు కేంద్రమంటే రేడియేషన్ ఒక్కటే అనుకునేదాన్ని. మా ప్లేటింగ్ తొట్టిలో ఉన్న సరుకే అక్కడా తలనొప్పి అయిందంటే విచిత్రంగా అనిపించింది.

ఆ రోజు వాడు చెప్పిన ఇంకో మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. "మా అణు కేంద్రాల్లో దొరికే రేడియోధార్మిక సీజియం-137 అయితే ముప్పై ఏళ్లకు సగమవుతుంది. భూమిలో పాతిన గొట్టంలోకి దాని కిరణాలను కొలిచే గామా మీటరు దింపితే ఎంత లోతులో ఉందో అక్కడికక్కడే చూపిస్తుంది. నీ క్రోమియానికి రెండూ లేవత్తా. కాలం గడిచిందని తరగదు, మట్టి పైకి తీసి ల్యాబుకు పంపితే తప్ప కనబడదు."

సెప్టెంబరులో ఒక కన్సల్టెంటును మాట్లాడుకున్నాం. మూడు చోట్ల ధరలు అడిగితే ఒకదానికొకటి పొంతన లేదు. తక్కువ చెప్పిన ఆయన ఫోనులోనే "నాలుగు రంధ్రాలు చాలు మేడం" అన్నాడు, స్థలం చూడకుండానే. మేం తీసుకున్నది మధ్య ధర చెప్పిన సంస్థను. వాళ్లు పంపిన భూగర్భ శాస్త్రవేత్త ముప్పై ఏళ్ల కన్నడ అమ్మాయి. మిషను సంగతే ఎత్తలేదు. మొదటి రోజంతా ప్రశ్నలే. తొట్లు ఎక్కడుండేవి, కడిగిన నీళ్లు ఎటు పోయేవి, ఆసిడ్ డబ్బాలు ఎక్కడ పెట్టేవారు, నేల మీద గచ్చు ఎప్పుడు పోశారు. నా దగ్గర జవాబుల్లేవు. నాన్న ఫైలులో అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, ఒక ప్లాను నకలు మాత్రం దొరికాయి.

దారి చూపింది అద్దెదారు దగ్గర పనిచేసిన పాత మేస్త్రి. మడకశిర వైపు మనిషి, ఇప్పుడు లగ్గెరెలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. పక్క షెడ్డు వాచ్‌మన్ ద్వారా ఆచూకీ దొరికింది. ఆటోలో తీసుకొచ్చాం. లోపలికి వచ్చి ఒక నిమిషం అటూ ఇటూ చూసి, నేరుగా వెనక గోడ దగ్గరికి నడిచి, కాలితో గచ్చు మీద గీత గీసినట్టు చూపించాడు. "ఇక్కడ నికెల్ తొట్టి, ఇక్కడ క్రోమ్ తొట్టి, దీని పక్కన కడిగే తొట్టి. కాలువ ఇలా బయటికి. మొదట్లో బయట ఇంకుడు గుంత ఉండేదమ్మా. తర్వాత మండలి వాళ్లు అడిగారని దాన్ని పూడ్చి, నీళ్లు శుద్ధి చేసే ట్యాంకు పెట్టారు." ఆ ఇంకుడు గుంత ప్లానులో లేదు. ఇప్పుడు దాని మీద కాంక్రీటు, కాంక్రీటు మీద గోదాము వాళ్ల స్కూటర్లు.

వస్తువులకు జిడ్డు పోగొట్టడానికి ఏం వాడేవారని ఆ అమ్మాయి అడిగింది. "ట్రైక్లోరో" అన్నాడు వెంటనే. వేడి చేసిన ట్రైక్లోరో ఆవిరి పీలిస్తే తల తిరిగేదట, కుర్రాళ్లు వంతులు వేసుకునేవారట. దాంతో పరీక్షల జాబితాలో ఇంకో పేరు చేరింది, బిల్లులో ఇంకో వరుస చేరింది. దానికి మట్టిని వేరే సీసాల్లో, గాలి ఆడకుండా పట్టాలి. ఆ పరీక్ష చేసే ల్యాబులూ తక్కువే. చివరికి అది కనబడలేదు, అంతవరకు నయం.

ఎక్కడ తవ్వాలో నిర్ణయించేటప్పుడు ఇంట్లో గొడవైంది. తొట్ల దగ్గర, కాలువ వెంట, ఇంకుడు గుంత దగ్గర తవ్వడం అందరికీ సబబుగానే ఉంది. గేటు పక్కన వేపచెట్టు దగ్గర కూడా ఒకటి ఉండాలని మా వాడు, అదే తమ్ముడి కొడుకు, పట్టుబట్టాడు. ప్లేటింగ్ పని అటువైపు ఎన్నడూ రాలేదని మేస్త్రి స్పష్టంగా చెప్పాడు. తమ్ముడు హిందూపురం నుంచి ఫోనులో కోప్పడ్డాడు, "ఏమీ లేదని తెలిసిన చోట తవ్వడానికి ముప్పై వేలా?" అని. నేనూ మనసులో తమ్ముడి వైపే. అయినా మా వాడు తగ్గలేదు. "నాన్నా, ఏమీ లేని మట్టి ఎలా ఉంటుందో తెలియకపోతే, ఉన్న మట్టిని దేనితో పోలుస్తాం?" అన్నాడు. కన్సల్టెంటు అమ్మాయి కూడా అదే చెప్పింది. సరేనన్నాం, మనసు ఒప్పక.

అక్టోబరంతా వానల్లో పోయింది. డ్రిల్లింగు వాళ్లు రేపు వస్తామంటూ నవంబరు రెండో వారంలో వచ్చారు. రాగానే మొదలుపెడతారనుకుంటే, ముందు భూమి కింద కరెంటు తీగలు, నీటి గొట్టాలు ఎక్కడున్నాయో పరికరంతో వెతకడానికే పూట గడిచిపోయింది. తర్వాత గచ్చును గుండ్రంగా కోసి, మొదటి మీటరు చేత్తోనే తవ్వారు, ఏ తీగా తగలకూడదని. ఆపైన మిషను.

మీటరుకొకసారి ఒక ఇనుప గొట్టాన్ని సుత్తి దెబ్బలతో దింపి పైకి తీసేవారు. ఆ గొట్టం నిలువునా రెండు బద్దలుగా విడిపోతుంది. లోపల మట్టి కడ్డీలా పడుకుని ఉంటుంది. వేపచెట్టు దగ్గరి కడ్డీ మామూలు ఎర్రమట్టి, కిందికి పోయేకొద్దీ మొరం, ఇంకా కిందికి పోతే చేత్తో నలిపితే పొడయ్యే తెల్లటి కుళ్లిన రాయి. ఇంకుడు గుంత దగ్గరి కడ్డీ మొదటి మూడు మీటర్లు అలాగే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగో మీటరు గొట్టం విప్పితే మొరం పగుళ్ల వెంట నిమ్మపండు రంగు గీతలు. పసుపు నీళ్లు పోసి ఆరబెట్టినట్టున్నాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఆ అమ్మాయి ఫోటో తీసి, ప్లాస్టిక్ చెంచాతో మట్టిని సీసాలోకి ఎత్తింది. స్టీలు చెంచా ఎందుకు వాడరని అడిగాను. స్టీలులోనూ క్రోమియం ఉంటుందట.

పైన శుభ్రంగా ఉండి కింద పాడవడమేమిటో నాకు అంతుపట్టలేదు. ఏళ్ల తరబడి వాన నీళ్లు పై మట్టిని కడిగి కిందికి దింపాయని, క్రోమియం-6 మట్టిని అంత గట్టిగా పట్టుకోదని, నీటితో పాటు నడుస్తుందని చెప్పారు. ఆకులు కుళ్లిన మట్టి గానీ, ఒక రకం ఇనుము గానీ తగిలితే అది క్రోమియం-3గా మారి అక్కడే నిలిచిపోతుంది. అది ఇంత ప్రమాదకారి కాదు. మా దురదృష్టం, గచ్చు కింద ఆకులెక్కడివి?

ముందుగా ఎవరూ చెప్పని చిక్కులు ఇక్కడే ఎదురయ్యాయి. తవ్వి తీసిన మట్టిని డ్రిల్లింగు వాళ్లు తీసుకుపోరు. ఫలితాలు వచ్చేదాకా అది అనుమానితమే, అది మన బాధ్యతే. నీలం డ్రమ్ముల్లో నింపి, మూత బిగించి, చీటీ అంటించి షెడ్డులోనే పెట్టారు. ఒక్కో రంధ్రానికీ గొట్టాలు కడిగిన నీళ్లూ డ్రమ్ములోకే. పని అయ్యాక ప్రతి రంధ్రాన్నీ బెంటోనైటు అనే నీటికి ఉబ్బే బంకమట్టి, సిమెంటు కలిపిన ముద్దతో అడుగు నుంచి పైదాకా పూడ్చాలి, లేకపోతే మనం తవ్విన రంధ్రమే పైనున్న విషానికి కిందికి దారవుతుంది. తక్కువ ధర చెప్పిన ఆయన లెక్కలో ఈ పూడ్చే పని లేదు, నేను తర్వాత తీసి చూశాను. ధరలు పోల్చేటప్పుడు డ్రమ్ములు ఎవరివి, రంధ్రాలు దేనితో పూడుస్తారు అనే రెండు ప్రశ్నలు అడిగితే సగం విషయం తెలిసిపోతుంది.

ఇంకొకటి, నీటి నమూనా. స్థలంలో పాత బోరు ఉంది, ఆరు వందల అడుగులు. క్రోమియం-6 కోసం పట్టిన నీటిని చల్లగా ఉంచి ఇరవై నాలుగు గంటల్లో పరీక్షించాలి. శనివారం మధ్యాహ్నం పడితే ల్యాబు వాళ్లు తీసుకోరు. శుక్రవారం సాయంత్రం తుమకూరు రోడ్డు ఎలా ఉంటుందో బెంగళూరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. చివరికి మంగళవారం ఉదయం ఆరింటికి మోటారు వేశాం. ల్యాబుకు పంపేముందు ఆ అమ్మాయి చిన్న గాజు గొట్టంలో అదే నీళ్లు పోసి ఒక పొడి వేసింది, క్రోమియం-6 ఉంటే రంగు మారుతుందట. మామూలు తాగే నీళ్లలా కనబడుతున్న నీరు కాసేపట్లో వంకాయ రంగుకు తిరిగింది. తాగే నీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు మించకూడదని భారత ప్రమాణం. మా బోరులో ఎంతుందో ల్యాబు చెప్పకముందే నాకు తెలిసిపోయింది. గోదాములో పనిచేసే కుర్రాళ్లు ఆ నీళ్లతో చేతులు, మొహం కడుక్కుంటున్నారు. అదే రోజు మోటారు స్టార్టరు పీకించి ట్యాంకరు పెట్టించాను. కొనేవాళ్ల సంగతి దేవుడెరుగు, ఆ పని మాత్రం ఒక్క గంట కూడా వాయిదా వేయాలనిపించలేదు.

ల్యాబు ఫలితాలకు మూడు వారాలన్నారు, నాలుగు దాటాయి. డిసెంబరు మధ్యలో వచ్చిన కాగితం చూసి నా చేతులు చల్లబడ్డాయి. వేపచెట్టు దగ్గర, అసలేమీ లేదనుకున్న చోట, మొత్తం క్రోమియం కిలో మట్టికి వంద మిల్లీగ్రాములకు పైనే. పోల్చడానికి వాడిన కెనడా మార్గదర్శకంలో పారిశ్రామిక భూమికి హద్దు 87. అంటే స్థలమంతా పోయినట్టేనా? తమ్ముడికి చెప్పలేదు. మా వాడికి ఫోను చేస్తే పక్క గడి చదవమన్నాడు. అక్కడ క్రోమియం-6 "కనబడలేదు" అని ఉంది. బెంగళూరు చుట్టుపక్కల నల్లరాయి నుంచి పుట్టిన మట్టిలో క్రోమియం సహజంగానే ఉంటుందట, అదంతా క్రోమియం-3. ఇంకుడు గుంత దగ్గర కథ వేరు. అక్కడ ఐదో మీటరులో క్రోమియం-6 నూట నలభై. అదే మార్గదర్శకంలో దానికి హద్దు 1.4.

తమ్ముడు కోప్పడ్డ ఆ ముప్పై వేల రంధ్రమే మమ్మల్ని కాపాడింది. అది లేకపోతే కొనేవాళ్ల లాయరు మొత్తం క్రోమియం అంకెలు పట్టుకుని స్థలమంతా కలుషితమని వాదించేవాడు, వాదించడానికి మా దగ్గర ఏమీ ఉండేది కాదు. జనవరిలో రెండో విడత తవ్వించినప్పుడు నేనే అడిగాను, మరకకు నాలుగు వైపులా ఏమీ దొరకని చోటు వచ్చేదాకా తవ్వండని. వింతగా ఉంటుంది. ఒక్కో రంధ్రం ఖాళీగా వస్తుంటే డబ్బు పోయిందని కాకుండా గోడ కట్టుకున్నట్టు అనిపించింది. మూడు వైపులా హద్దు దొరికింది. నాలుగో వైపు ప్రహరీ, అవతల పక్కవాళ్ల స్థలం. పక్కాయన తవ్వడానికి ఒప్పుకోలేదు. ఆయన భయం ఆయనది, నాకు కోపం రాలేదు.

నీటి విషయం మాత్రం తేలలేదు. ఇది ఇసుక నేల కాదు, గట్టి రాయి. నీరు పగుళ్లలో పోతుంది, ఏ పగులు ఎక్కడికి పోతుందో పైనుంచి చెప్పలేం. పీణ్యలో మా అద్దెదారు ఒక్కడే ప్లేటింగ్ చేయలేదు, ఆ వీధిలోనే ఎన్నో యూనిట్లుండేవి. మా బోరులోని క్రోమియం మా ఇంకుడు గుంతదా, పైవీధి నుంచి వచ్చిందా అన్నది నివేదికలో "నిర్ధారించలేం" అనే రాశారు. కన్సల్టెంటు ఆ మాట రాయడానికి వెనకాడలేదు. నాకు ఆ అమ్మాయి మీద నమ్మకం కలిగింది అందుకే.

ఖర్చు చెబుతాను. కన్సల్టెంటు రుసుము రెండు లక్షల పాతిక వేలు, మొదటి విడత డ్రిల్లింగు లక్షా అరవై వేలు, ల్యాబు దాదాపు రెండు లక్షలు, రెండో విడత అన్నీ కలిపి ఇంకో రెండు లక్షలు. డ్రమ్ముల్లో పాడైన మట్టిని దాబస్‌పేట దగ్గరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపడానికి వేరే. అక్కడ ముందు పేరు నమోదు చేసుకోవాలి, సరుకు కొంచెమే అయినా కనీస రుసుము కట్టాలి, వాళ్ల వాహనమే రావాలి. డ్రమ్ములు కదలడానికి ఫిబ్రవరి ఆఖరైంది. అప్పటిదాకా పక్క షెడ్డు వాళ్లు రోజూ వాటిలో ఏముందని అడగడం, నేను మట్టేనని చెప్పడం.

మార్చిలో కొనేవాళ్లతో మళ్లీ కూర్చున్నాం. మొదట అనుకున్న ధర రాలేదు. కానీ బేరం ఇప్పుడు స్థలమంతటి మీద కాకుండా, వెనక మూలలో ఇన్ని మీటర్ల పొడవు, ఇంత లోతు మట్టి తీసి పంపడానికి ఎంతవుతుందన్న లెక్క మీద సాగింది. ఆ మొత్తానికి కాస్త ఎక్కువే పట్టుకుని, బ్యాంకులో ఉమ్మడి ఖాతాలో వేసి, పని పూర్తయ్యాక మిగిలింది మాకు ఇచ్చేట్టు రాసుకున్నాం. ఖాతా షరతులు మాత్రం నేనే కూర్చుని రాశాను, ముప్పై ఏళ్ల ఉద్యోగం ఆ ఒక్క పూటకు పనికొచ్చింది. నివేదిక నకలు మండలికి ఇవ్వాలని కన్సల్టెంటు చెప్పింది, ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. బోరు మూసే ఉంది. వానాకాలం అయ్యాక, అక్టోబరులో, నీటిని మళ్లీ పట్టి పరీక్షించాలి. ఆ ఖర్చు అమ్మేవాళ్లదే అని ఒప్పందంలో ఉంది, ఈసారి మంగళవారం ఉదయానికే ల్యాబులో సమయం అడుగుతాను.